చదువు రాని అమ్మ కూడా చదివించగలదు

తనకు అక్షరాలు రావు కాబట్టి బిడ్డ చదువులో తాను చేయగలిగిందేమీ లేదనుకునే తల్లులున్నారు. అది నిజం కాదు.

రెండో తరగతి పిల్ల వాచకం పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వినొచ్చు. "తర్వాత ఏమైంది?" అని అడిగితే ఆ పిల్ల కథను తన మాటల్లో చెబుతుంది. అర్థమైందో లేదో అక్కడే తేలిపోతుంది. లెక్కలకు పాల ఖాతా, కిరాణా చీటీ ఉండనే ఉన్నాయి.

బడిలోనూ తల్లికి చోటుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేది, ప్రభుత్వ గ్రాంటు ఖర్చును గమనించేది ఈ కమిటీయే. మధ్యాహ్న భోజనం ఎలా ఉంది, మరుగుదొడ్డికి నీళ్లొస్తున్నాయా అని ఆమె అక్కడ ధైర్యంగా అడగొచ్చు. కూలి పోతుందని ఆగిపోయే తల్లుల కోసం ప్రధానోపాధ్యాయులు సమావేశాలను సాయంత్రం పూట పెడితే ఎంతో మేలు.