కొండ నష్టానికి కొండ కొలత కావాలి

(అరకులోయ మండల రైతు మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణ మార్పు మీద మాట్లాడమని నన్ను అడిగారు. నేను పదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత చదువంతా కాఫీ తోటలోనూ, సంఘంలోనూ. అందుకని ధ్రువాల్లో మంచు సంగతి చెప్పను. మన అరకు సంగతి, మన వాలు భూముల సంగతి చెబుతాను. చివరికి ప్రభుత్వాన్ని మనం ఏం అడగాలో చెబుతాను.

ముందు వాన లెక్క చూద్దాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదు. ఇది స్కూలు పుస్తకంలో దొరికే భౌతిక శాస్త్రమే. మోసిన తేమను ఎక్కడో ఒకచోట దించాలి కదా. బంగాళాఖాతం మీద నుంచి వచ్చే మేఘానికి అడ్డం నిలబడేది మన అనంతగిరి, గాలికొండ వరసే. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు. వంద మిల్లీమీటర్లు పడితే నాలుగు లక్షల లీటర్లు. దాని మీద ఏడు శాతం అంటే ఎకరానికి ఇంకో ఇరవై ఎనిమిది వేల లీటర్లు. మైదానంలో అయితే ఆ నీరు మడిలో నిలుస్తుంది. మన దగ్గర నిలవదు. మట్టిని వెంటేసుకుని కిందికి పోతుంది.

అలాగని మొత్తం వాన పెరిగిందని సంతోషపడేది కాదు. వాన పడే రోజులు తగ్గి, పడిన రోజు కుండపోత అవుతోంది. మధ్యలో ఎండ కాస్తోంది. కాఫీకి ఇదే దెబ్బ. కాఫీ చెట్టు తారీఖుల మీద బతికే చెట్టు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక మంచి వాన పడాలి. పడిన పదిరోజుల్లోపు తోటంతా తెల్లగా పూస్తుంది. పూసిన కొన్ని వారాలకు ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. మొదటి వాన చాలకపోతే మొగ్గ సగంలో ఆగి మాడిపోతుంది. రెండో వాన రాకపోతే పిందె రాలిపోతుంది. వానలు విడతలు విడతలుగా పడితే పూత కూడా విడతలుగా వస్తుంది. అప్పుడు ఒకే కొమ్మ మీద పండు, పచ్చికాయ, పిందె మూడూ ఉంటాయి. తక్కువసార్లలో కోయాల్సిన తోటను ఎక్కువసార్లు కోయాలి. కూలీ ఖర్చు పెరుగుతుంది, సంతకు తీసుకెళ్లే సరుకు పెరగదు. ఇక నవంబరు, డిసెంబరుల్లో కళ్లంలో గింజలు ఆరబోశాక తుపాను మబ్బు పట్టిందంటే, ఏడాదంతా పడ్డ కష్టానికి బూజు పడుతుంది.

మన కాఫీ అరబికా రకం. పదిహేను నుంచి ఇరవై నాలుగు, ఇరవై ఐదు డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. అంతకు మించి వేడి ఎక్కువ కాలం ఉంటే కాయ త్వరగా పండుతుంది, గింజలో సారం తగ్గుతుంది. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు ఈ చలికి, ఈ ఎత్తుకు, ఈ నీడకు ఇచ్చింది. చలి తగ్గిపోతే కాగితం మీద గుర్తింపు మిగులుతుంది, కప్పులో రుచి మిగలదు. కింద ఊరివాళ్లకు ఎండ పెరిగితే ఇంకాస్త పైకి ఎక్కి సాగు చేయొచ్చు. మనం ఎక్కడికి ఎక్కుతాం? మన పైన ఉన్నది ఆకాశమే.

ఇప్పుడు పురుగు సంగతి. 2025 ఆగస్టులో మన అరకు ప్రాంతంలో కాయ తొలుచు పురుగు కనబడింది. బెర్రీ బోరర్ అంటారు. నీలగిరుల వైపు 1990లోనే మన దేశంలోకి వచ్చిన పురుగు ఇది, మన కొండకు చేరడానికి ముప్పై ఐదేళ్లు పట్టింది. దీన్ని వాతావరణ మార్పు మోసుకొచ్చిందని నేను అనను. గోనెసంచులతో, సరుకుతో, మనుషులతో పాటు వస్తుందది. కానీ వచ్చిన పురుగు ఇక్కడ ఎంత వేగంగా పెరుగుతుందో నిర్ణయించేది మాత్రం వేడి. చలి గట్టిగా ఉంటే దాని సంతతి మందగిస్తుంది. పైగా ఇందాక చెప్పిన విడతల పూత వల్ల ఏడాది పొడవునా చెట్టు మీద ఏదో ఒక కాయ ఉంటుంది. అంటే దానికి ఏడాదంతా మేత. తెల్ల కాండం తొలుచు పురుగు కూడా అంతే. ఎండ తగిలే కాండం మీదే గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. నీడ పోయిన తోట దానికి పెళ్లి పందిరి.

నీడ పోవడం అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కొండ మీద సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా కూలాయి. కూలినవి కాఫీ మొక్కల మీద పడ్డాయి. వాటి మీద పాకించిన మిరియం తీగలు పోయాయి. చెట్టు కింద పడకుండా నిలబడ్డ కాఫీ మొక్క కూడా మరుసటి వేసవిలో ఎండకు మాడింది. నష్టం ఆ ఒక్క రోజుతో అయిపోలేదు. వరి మీద గాలి వీస్తే నష్టం అదే వారంలో కనబడుతుంది. కొండ తోటలో నష్టం రెండేళ్లు, మూడేళ్లు బయటికి వస్తూనే ఉంటుంది. రాసుకోవడానికి వచ్చిన బృందం మాత్రం వారంలో కొండ దిగిపోతుంది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. కొంచెం శ్రద్ధగా వినండి.

విపత్తు సహాయ నిధి నుంచి ఇచ్చే డబ్బుకు కేంద్రం నిబంధనలు రాసింది. 2022 నుంచి 2026 వరకు అమలుకు ఇచ్చిన వాటి ప్రకారం, మూడోవంతు, అంటే 33 శాతం, అంతకు మించి నష్టం జరిగితేనే సాయం. ఏళ్ల తరబడి నిలిచే పంటలకు హెక్టారుకు 22,500 రూపాయలు. అదీ రెండు హెక్టార్ల వరకే. హెక్టారంటే రెండున్నర ఎకరాలకు కాస్త తక్కువ కనుక, ఎకరానికి సుమారు తొమ్మిది వేల వంద. కాఫీ మొక్క పెడితే మొదటి కాపుకు మూడు నుంచి నాలుగేళ్లు పడుతుంది. నాలుగేళ్లు అనుకుంటే నలభై ఎనిమిది నెలలు. తొమ్మిది వేల వందను నలభై ఎనిమిదితో భాగించండి. నెలకు ఎకరానికి నూట తొంభై రూపాయలు! కొత్త మొక్క, గుంత, ఎరువు, కలుపు, నీడ చెట్టు, ఇంట్లో తిండి అన్నీ అందులోనే. నీడ చెట్టు పెరగడానికి పట్టే కాలం నేను లెక్కలో వేయనే లేదు.

ఇది ఏ ఒక్క అధికారి తప్పో కాదు. కొలబద్దే మైదానం కోసం చేసింది. ఒక కారు పంట పోతే వచ్చే కారు ఉందనుకునే కొలబద్ద అది. మనకు పోయేది కారు కాదు, చెట్టు. ఏజెన్సీలో రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. అందులో ఎక్కువ భాగం ఎకరం, రెండెకరాల గిరిజన రైతులది. ఈ నిబంధనలను మళ్లీ రాసేటప్పుడు మన మాట అందులో ఉండకపోతే ఇంకో ఐదేళ్లు ఇదే నూట తొంభై రూపాయల లెక్కలో బతకాలి.

పంట తర్వాత ప్రాణం సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన తూర్పు కనుమల్లోనే, పక్కనున్న ఒడిశా గజపతి జిల్లాలో, వానకు తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. 2024 జూలై 30 తెల్లవారకముందే కేరళ వయనాడులో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు బురద కింద పడ్డాయి. రెండు వందల యాభై మందికి పైగా పోయారు. అక్కడ ఒక్క రోజులో నూట నలభై మిల్లీమీటర్లకు పైగా వాన పడింది. వేడెక్కిన వాతావరణం వల్ల ఆ వాన దాదాపు పది శాతం ఎక్కువ పడిందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. వయనాడు కూడా మనలాంటిదే. కాఫీ, తేయాకు తోటలు, పర్యాటకులు, వాలు మీద ఇళ్లు. మన కేకే లైను మీద వానాకాలంలో బండరాళ్లు పడి రైళ్లు ఆగడం మనకు మామూలైపోయింది. రాయి పట్టాల మీద పడితే వార్త వస్తుంది. ఇంటి మీద పడకముందే మేలుకోవాలి.

కొండ తనంతట తాను కూలదు అని నేను అనను. కానీ కూలడానికి మనుషులు సాయం చేస్తున్నారు. రోడ్డు కోసం వాలు పాదాన్ని నిటారుగా కోసేస్తారు, గోడ కట్టరు. రిసార్టు కోసం గెడ్డను మళ్లిస్తారు. పైనున్న చెట్టు తీసేస్తారు. కొత్తగా పంప్డ్ స్టోరేజి జలవిద్యుత్ ప్రాజెక్టులంటూ కొండల మీద సర్వేలు నడుస్తున్నాయి. కరెంటు దేశానికి అక్కరే, అందులోనూ బొగ్గు కాల్చని కరెంటు మంచిదే. కానీ ఏ కొండను తొలుస్తున్నారు, ఆ కొండ ఊటలు ఏమవుతాయి అనేది గ్రామసభలో చెప్పకుండా ఒక్క గునపం దిగకూడదు. అయిదో షెడ్యూలు ప్రాంతంలో గ్రామసభకు 1996 పెసా చట్టం ఆ హక్కు ఇచ్చింది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు పుట్టింది ఈ అనంతగిరి, బొర్రా కొండల్లోని గనుల గొడవ నుంచే. ఈ కొండ దేశానికే దారి చూపిన కొండ.

నీళ్ల మాట కూడా ఒకటి. కుండపోత వాన భూమిలోకి ఇంకదు. అందుకే ఆగస్టులో ఊరిని ముంచిన గెడ్డే ఏప్రిల్‌లో ఎండుతుంది. ఊట నుంచి గొట్టం వేసి తెచ్చుకునే గ్రావిటీ నీళ్లకు మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు లేదు. ఊట ఎండితే మాత్రం మన ఆడవాళ్ల తల మీద బిందె మళ్లీ ఎక్కుతుంది. గోస్తని ఈ కొండల్లో పుట్టి బొర్రా గుహల మీదుగా తాటిపూడి జలాశయానికి దిగుతుంది. శారద నీళ్లు రైవాడ చేరతాయి. కింద రైతు మడి, విశాఖ నగరంలో కుళాయి, రెండూ మన ఊటల మీదే ఆధారపడ్డాయి. కాబట్టి ఇది కొండవాళ్ల గొడవే అని కింద సంఘాల వాళ్లు అనుకోకూడదు. మైదానం నుంచి వచ్చిన మిత్రులు ఈ మాట మీ ఊళ్లకు తీసుకెళ్లండి.

మరి ఏం అడుగుదాం? నాలుగే అడుగుదాం, వదలకుండా అడుగుదాం.

ఒకటి. ప్రతి పంచాయతీలో వాన కొలిచే యంత్రం పెట్టాలి. కొండకు ఇవతల వాన, అవతల ఎండ ఉండే చోటు మనది. మండల కేంద్రంలో కొలిచిన వానతో మన బీమా, మన నష్టం తేల్చకూడదు.

రెండు. కాఫీ, మిరియం, నీడ చెట్టుకు నష్టాన్ని చెట్టు తిరిగి కాపుకొచ్చే వరకు లెక్కగట్టాలి. మొదటి లెక్క తుపాను వెళ్లిన వారంలో, రెండో లెక్క మరుసటి వేసవి అయ్యాక. సాయం ఏటేటా విడతలుగా రావాలి.

మూడు. అటవీ హక్కుల పట్టా ఉన్న ప్రతి ఎకరంలోని పంటా ఈ-పంటలో ఎక్కాలి. చెట్టు ఉండి కాగితంలో లేకపోతే, పడినప్పుడు అది పడనట్టే.

నాలుగు. ఏ వాలు జారేలా ఉందో ఊరి పెద్దలతో కలిసి గుర్తించి, ఆ పటం గ్రామసభలో పెట్టాలి. అక్కడ రోడ్డు కోతకు, కొత్త కట్టడానికి అనుమతి ఆపాలి.

మనం చేసుకోవాల్సినవి కూడా ఉన్నాయి. ఒకే జాతి చెట్టును వరసగా పెడితే ఒకే గాలికి అన్నీ పడతాయి. సిల్వర్ ఓక్ మధ్య పనస, నేరేడు, మామిడి కలపండి. వాలుకు అడ్డంగా కందకాలు తీయండి. పురుగు పట్టిన కాయను తోటలో రాలనివ్వకండి, రాలినది ఏరి వేడినీళ్లలో ముంచి పాతిపెట్టండి. వేరే తోట సంచులు మీ తోటలోకి తేకండి. చోడి, సామ, రాజ్మా, వలిసెలు వదలకండి. కాఫీ దెబ్బతిన్న ఏడు కడుపు నింపేవి అవే. ఇంకా ఒక పని. యంత్రం వచ్చేదాకా ఊరికి ఒక కుర్రాడు, ఒక వానమాపకం. ప్రతి పొద్దున్నే కొలిచి, తారీఖు వేసి నోటుపుస్తకంలో రాయాలి. పూత ఎప్పుడు వచ్చింది, పిందె ఎప్పుడు రాలింది, ఊట ఎప్పుడు ఎండింది అన్నీ అందులోనే.

ఈ భూమిని వేడెక్కించిన పొగలో మన చోడి చేను వాటా ఎంత? ఫ్యాక్టరీ లేదు, విమానం లేదు, చాలా ఊళ్లకు సరైన రోడ్డే లేదు. తప్పు మనది కాదు, బిల్లు మాత్రం మనకొచ్చింది. దాన్ని తిప్పి పంపాలంటే మన చేతిలో మన లెక్క ఉండాలి. వచ్చే నెల మండల కార్యాలయానికి వినతిపత్రం పట్టుకెళ్తున్నాం. ప్రతి ఊరి నుంచి ఇద్దరు రండి, ఒకరు ఆడమనిషి అయి ఉండాలి. చేతిలో నోటుపుస్తకం తెచ్చుకోండి.