పాత పాటకు క్రొత్త ముద్రణము: కొనదగునా?



పాత పాటల రికార్డును శుభ్రపరచి, క్రొత్త అట్ట తొడిగి, నాలుగు అదనపు పాటలు చేర్చి, “రీమాస్టరు చేసినది” అను ముద్రతో మరల అమ్మకమునకు పెట్టుట చాలకాలముగా జరుగుచున్నది. నిన్న సీడీ, నేడు మరల ఎల్‌పీ. ఆ పాటలు ఇదివరకే ఇంటనున్నవారు ఇంకొకసారి సొమ్ము పెట్టి వానిని కొనవలెనా అన్నది నేటి మన ప్రశ్న.

మండపేటవారికి ఈ సంగతి సులభముగనే బోధపడును. అది బియ్యపు మిల్లుల ఊరు. ఊక తీయనిదే ధాన్యము వంటకు రాదు. పాలిష్ మితిమీరినచో గింజ తెల్లనగును గాని, బలము తవుడుతో పోవును. పాత రికార్డును శుభ్రపరచుటయు ఇట్టిదే. ఎంత తీసిరన్నది ఒక ప్రశ్న. ఏమి తీసిరన్నది అంతకంటె పెద్ద ప్రశ్న.

మన పెద్దలు వినిన 78 చుట్ల రికార్డు లక్క కలిపి చేసినది. పది అంగుళముల రికార్డుకు ఒక ప్రక్క మూడు, మూడున్నర నిమిషములకు మించి పట్టదు. సినిమా పాటయైనను, నాటక పద్యమైనను ఆ కొలతకు లోబడవలసినదే. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములను గోదావరి పల్లెలలో తెల్లవారువరకు వినినవారికి, వేదికపై వన్స్‌మోరులతో సాగిన పద్యమునకును, రికార్డుపై ఇమిడిన పద్యమునకును గల అంతరము తెలియును. ఆ కొరత ఏ యంత్రమును తీర్చలేదు. ముద్రణములో లేనిదానిని రీమాస్టరింగు తేజాలదు. ఉన్నదానిని మాత్రమే చక్కగా వినిపింపగలదు.

ఆ పనిలో మొదటి మెట్టు మంచి మూలమును సంపాదించుట. అరిగిన ప్రతినుండి ఎంత నేర్పరియైనను చేయగలిగినది స్వల్పము. రెండవది సరియైన ముల్లు. 78 చుట్ల రికార్డు గాడి ఎల్‌పీ గాడికంటె వెడల్పైనది. ఎల్‌పీ ముల్లు అందులో అడుగునబడి రొదను హెచ్చించును. మూడవది వేగము. పాత రికార్డులన్నియు సరిగా 78 చుట్ల వేగముననే ముద్రింపబడలేదు. వేగము నూటికి ఆరు పాళ్ళు హెచ్చినచో శ్రుతి ఒక స్వరస్థానము పైకి పోవును. గాయకుని కంఠము పలుచనగును. ఈ మూడింటిని శ్రద్ధతో నెరవేర్చిన ముద్రణము నిశ్చయముగా కొనదగినది. పాత ప్రతిలో వినబడని వీణ మీటు, మృదంగపు తొప్పి నాదము అందులో వినబడును.

చిటపటలు తీయుట ఆ తరువాతి మాట. ధ్వనిముద్రణములతో నిత్యము పనిచేయు మాబోంట్లము ఒక విషయము చెప్పగలము. రొదయు గానమును వేరువేరు గదులలో కాపురముండవు. రొదను మొదలంట పెరికినచో తంబురా నాదము, ‘శ’, ‘స’ల స్పష్టత, ఊపిరి తీసిన జాడ కూడ దానితో పోవును.

1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాలగారి భగవద్గీతనే చూడుడు. ఎల్‌పీగా, క్యాసెట్టుగా, సీడీగా అది తెలుగు ఇండ్లకు చేరినది. అందు శ్లోకము గానము, తాత్పర్యము మాట. ఆ మాట గానముకంటె మెత్తగా రావలెను. రెంటి నడుమ నిశ్శబ్దము నిలువవలెను. అన్నిటిని ఒకే గట్టితనమునకు ఎత్తిన ప్రతిలో అర్థము చెప్పుచున్న మనిషి మాయమై, ప్రకటన చదువుచున్న మనిషి మిగులును.

ఇక బోనస్ పాటలు. మన అంగళ్ళ భాషలో అది కొసరు. సినిమాలో ఉండి రికార్డుకెక్కని పద్యము, నాటి రేడియో ప్రసారము, ఒకే పాటను వేరొక విధముగ పాడిన ముద్రణము లభించినచో అది అమూల్యమైన కొసరు. వేరొకచోట సులభముగా దొరకు పాటలను సంఖ్యకొరకు చేర్చినచో, దానికై సరుకంతయు మరల కొనుట తెలివి కాదు.

క్రొత్త ప్రతిలో చేరినదానినే కాక, తగ్గినదానిని కూడ లెక్కింపవలెను. 1957 నాటి ‘మాయాబజార్’ చిత్రమునకు రంగులద్ది, ధ్వనిని డీటీఎస్ పద్ధతికి మార్చి 2010 జనవరిలో విడుదల చేసిరి. క్రొత్త తరమువారు దానిని థియేటరులో చూడగలిగిరి, అది మేలే. అయినను కొన్ని పాటలు, పద్యములు ఆ ప్రతిలో లేవు. దానిని చూచి పాతప్రతిని పారవేసినవాడు నష్టపోవును.

కావున కొనుటకు ముందు మూడు పనులు చేయుడు. మూలము ఎక్కడిదో అట్టపై చెప్పిరా అని చూడుడు. పాత ప్రతిని, క్రొత్త ప్రతిని ఒకే గట్టితనమున పెట్టి వినుడు. హెచ్చుగా మ్రోగినదే మేలైనదని చెవి మోసపోవుట సహజము. కొసరులో మీకు నిజముగా క్రొత్తది ఏదో లెక్కించుడు. ఈ మూడింటను తృప్తి కలిగినచో సంకోచింపక కొనుడు. లేనిచో ఆ సొమ్ముతో మీయొద్దలేని పాటలే కొనవచ్చును.

మీ అటకపైనున్న లక్క రికార్డులను మాత్రము పాతసామానుల బండికి వేయకుడు. కంపెనీవారి మూలముద్రలు నశించినచోట అరుగని ఇంటిప్రతియే మూలమగును. ఇంకను మంచి పరికరములతో రేపు ఆ పాటను వినిపింపబూనిన వానికి కావలసినది మీ ఇంటనున్న ఆ ఒక్క రికార్డే కావచ్చును. దానిని నిలువుగా నిలిపి, ఎండకు, తడికి దూరముగా దాచుడు.