నీళ్ళలోకి దించే ముందు



ఈరోజు పట్టా అందుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు సంఘాలకు పోయిన మొదటి నెలలోనే ఎవరో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి, "అయ్యగారూ, నాకు బాప్తిస్మం ఇయ్యండి, రక్షణ వస్తాదంట కదా" అంటారు. ఆ మనిషికి ఏం జవాబు చెబుతారు? నేను మాట్లాడదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్న గురించే.

రక్షణ దేవుని కృప, విశ్వాసంతో అందుకునేది. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం మీకు కంఠతా వచ్చు. సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు, పరదైసు దొరికింది. కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ ముందు దిగినాడు, నీళ్ళు తర్వాత వచ్చినాయి. అట్లని బాప్తిస్మం ఉన్నా లేకున్నా ఒకటేనని చెప్పొద్దు. ఫిలిప్పీ చెరసాల అధికారి నమ్మిన రాత్రే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందినాడు. క్రీస్తుతో చచ్చి, క్రీస్తుతో లేచినానని మనిషి నలుగురి ఎదుట ఒప్పుకునే చోటు అది. నీళ్ళు రక్షణను కొనిపెట్టవు. రక్షణ పొందినవాడు నీళ్ళను తప్పించుకుని తిరగడు.

ఈ మాట మన తెలుగు నేల మీద ఒకసారి గట్టి పరీక్షకు నిలబడింది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఇ. క్లఫ్ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకు కూలి ఇచ్చినాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం ఇయ్యమని వందలమంది అడిగినారు. ఆయన ఇయ్యలేదు. కూలి కోసం, గింజల కోసం ఎవరూ నీళ్ళలో దిగకూడదని 15 నెలలు ఆపినాడు. కరువు సాయం ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనం వచ్చినారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినారు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ ఆ పని చేసింది ఆరుగురు బోధకులు. క్లఫ్ ఆరోజు ఎవరినీ ముంచలేదు. చాలామంది ఆ 2,222 అంకె చెప్పి ఆగిపోతారు. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ 15 నెలలే గొప్పగా కనబడతాయి.

మన పడమటి కర్నూలులో ఇప్పటికీ వాన తప్పితే ఆదోని, ఆలూరు, పత్తికొండ పల్లెల నుంచి సంసారాలకు సంసారాలే కూలి వెతుక్కుంటూ సుగ్గికి పోతాయి. గుంటూరు దిక్కు మిరప కోతకు ఆలుమగలు పోతే, ఇంట్లో ముసలవ్వ, బడి పిల్లలు మిగులుతారు. ఆ ఇంటికి బియ్యం మూట మోసుకుపోండి, పిల్లల ఫీజు కట్టండి. కానీ అదే నెలలో ఆ అవ్వ అడిగినా ఆమె పేరు బాప్తిస్మాల రిజిస్టరులో రాయొద్దు. సుగ్గి ముగిసి కొడుకూ కోడలూ ఇల్లు చేరి, చేతిలో కూలి డబ్బులున్నప్పుడు ఆమె మళ్ళీ అడుగుతుంది. అప్పుడు కూర్చోబెట్టి పాఠాలు మొదలుపెట్టండి.

బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇంకో మాట ముందే చెప్పాలి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో దారి తెరిచినారు, మనకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను బీసీ–సి కింద లెక్కేస్తారు. ఇది అన్యాయమని నా నమ్మకం. అయినా ఆ సంగతి దాచి ఎవరినీ బాప్తిస్మం తొట్టిలోకి దించొద్దు, రిజిస్టరులో దొంగలెక్కా రాయొద్దు. బిడ్డ చదువు కోసం వెనకాడే తండ్రిని నరకం పేరు చెప్పి బెదిరించొద్దు.

నీళ్ళెన్ని అన్న గొడవ మీద మీ ఊపిరి పోగొట్టుకోవద్దు. సీఎస్ఐ వాళ్ళు పసిబిడ్డ తల మీద నీళ్ళు పోస్తారు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు ఎదిగినవాళ్ళను ముంచుతారు. తొలినాళ్ళ సంఘం రాసుకున్న డిడాకే పారే నీళ్ళే మేలంటుంది, దొరక్కపోతే తలమీద మూడుసార్లు పోసినా చాలంటుంది. ట్యాంకరుతో తొట్టి నింపుకునే మన ఊళ్ళకు అది ఎంత దయగల మాట! పెళ్ళి సంబంధం కుదిరినాక, వేరే సంఘంలో బాప్తిస్మం పొందిన కోడలిపిల్లను మళ్ళీ ముంచాల్సిందేనని పట్టుబట్టే సంఘపెద్దలకు మీరు వత్తాసు పలకొద్దు.

చివరిగా కష్టమైన సంగతి. పాఠాలు నేర్చుకుంటూ, బాప్తిస్మానికి తేదీ పెట్టుకోకముందే ఎవరైనా చనిపోవచ్చు. అట్లాంటివాళ్ళకు సమాధుల తోటలో చోటు లేదని పెద్దలు అనొచ్చు. 392లో రెండో వాలెంటీనియన్ చక్రవర్తి బాప్తిస్మం అందకనే చనిపోయినప్పుడు, ఆయన అక్కచెల్లెళ్ళు అదే తలచుకుని ఏడుస్తుంటే, మిలాను బిషప్పు అంబ్రోసు, "ఆయన మనసారా కోరుకున్నాడు కదా, దేవుడు కాదనడు" అని ఓదార్చినాడు. చక్రవర్తి గురించి చెప్పిన ఆ మాటే సుగ్గి కూలి గురించీ చెప్పండి. గుంత తవ్వించండి, సంఘంలో అందరికీ చదివే ప్రార్థనలే ఆయనకూ చదవండి.