నాడి పట్టాలంటే అంకె రావాలి



ప్రతి ఊరికీ ఒక నర్సమ్మ వస్తుంది. భుజాన సంచి వేసుకుని ఇంటింటికీ తిరుగుతుంది. పిల్లలకు టీకాలు వేస్తుంది. గర్భిణులను, బాలింతలను చూస్తుంది. సర్కారు కాగితాల్లో ఆమెను ఏ.ఎన్.ఎం. అంటారు. అంటే సహాయక నర్సు, మంత్రసాని అని అర్థం. మైదాన ప్రాంతంలో ఐదు వేల మంది జనానికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం ఉండాలని లెక్క. ఆ ఉపకేంద్రానికి నర్సమ్మే పెద్ద దిక్కు.

నకిరేకల్ చుట్టుపక్కల ఊళ్లలో ఎందరో అక్కలు కూలినాలి చేసుకుంటూనే అక్షరాలు దిద్దారు. వాళ్లలో కొందరికి ఒక ఆశ ఉంది. "నా బిడ్డ నర్సు కావాలె" అని ఒకామె అంటుంది. "నేనే ఎందుకు కావొద్దు?" అని ఇంకొకామె అడుగుతుంది. మంచి ప్రశ్నే. మరి నర్సు పని అంటే ఏమిటి? సూది వేయడమేనా? కాదు. సూది వేయడం చివరి పని. ముందు చూడాలి. చేత్తో తాకాలి. లెక్కపెట్టాలి. రాసుకోవాలి. ఆ తర్వాతే మందు.

లెక్కే ప్రాణం కాపాడింది

ఇంగ్లండు దేశంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ అనే నర్సు ఉండేది. 1854లో ఆమె క్రిమియా యుద్ధానికి పోయింది. దెబ్బలు తగిలిన సిపాయిలకు సేవ చేసింది. అక్కడ సిపాయిలు ఎందుకు చనిపోతున్నారో లెక్కలు రాసింది. గాయాలతో పోయినవాళ్ల కంటే రోగాలతో పోయినవాళ్లే ఎక్కువని ఆ లెక్కలు చెప్పాయి. మురికి, చెడ్డ గాలి, చెడ్డ నీళ్లు ప్రాణాలు తీస్తున్నాయని పెద్దలకు చూపించింది. 1860లో లండన్‌లో నర్సుల బడి పెట్టించింది. ఆమె పుట్టిన మే 12వ తేదీని ఇప్పటికీ నర్సుల దినంగా జరుపుతున్నారు.

అంత దూరం ఎందుకు? తెలంగాణ సరిహద్దు దాటితే మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా ఉంది. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్ల జంట పనిచేశారు. న్యుమోనియాతో పసిపిల్లలు చనిపోతున్నారని గమనించారు. ఊరి మంత్రసానులకు పిల్లల ఊపిరి లెక్కపెట్టడం నేర్పాలనుకున్నారు. కానీ చాలామందికి యాభై, అరవై దాకా లెక్క రాదు. అందుకని పూసలు, నిమిషం కొలిచే ఇసుక గడియారం ఉన్న చిన్న పనిముట్టు చేయించారు. ఆ మంత్రసానులు పూసలు జరుపుతూ జబ్బును పట్టుకున్నారు. ఆ తర్వాత వాళ్లు ఊరి ఆడవాళ్లకే పసికందుల సంరక్షణ నేర్పారు. ఆ ఊళ్లలో పసికందుల చావులు సగానికి పైగా తగ్గాయని 1999లో లోకానికి తెలిసింది.

చూశారా! లెక్క రాని తల్లులే పూసలతో అంత పని చేశారు. అంకెలు వచ్చిన చేతులు ఇంకెంత చేయగలవు?

నర్సుకు కావలసిన నాలుగు లెక్కలు

ఒకటి, ఒంటి వేడి. మామూలు మనిషి వేడి 98.6 డిగ్రీల దగ్గర ఉంటుంది. 100.4 డిగ్రీలు, ఆ పైన ఉంటే జరం. అప్పుడే పుట్టిన బిడ్డకు చలి కూడా ప్రమాదమే. వేడి 97.7 కంటే తగ్గితే బిడ్డను తల్లి రొమ్ముకు హత్తి, గుడ్డ కప్పి ఉంచాలి.

రెండు, నాడి. మణికట్టు మీద బొటనవేలి వైపు నాడి దొరుకుతుంది. రెండు మూడు వేళ్లు ఆనించి చూడాలి. బొటనవేలితో చూడొద్దు. ఎందుకంటే బొటనవేలిలోనూ నాడి కొట్టుకుంటుంది. దాన్నే రోగి నాడి అనుకునే ప్రమాదం ఉంది. పెద్దవాళ్లకు నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకోవాలి.

మూడు, ఊపిరి. పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. పిల్లలు ఎక్కువసార్లు తీస్తారు. దగ్గు ఉన్న బిడ్డను నిమ్మళంగా ఉన్నప్పుడు, ఏడవనప్పుడు, పూర్తిగా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఎక్కువ ఉంటే ప్రమాదం. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా ఎక్కువ ఉంటే ప్రమాదం. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు 40 లేదా ఎక్కువ ఉంటే ప్రమాదం. ఊపిరి పీల్చేటప్పుడు డొక్క లోపలికి గుంజుకుపోతుంటే ఇంకా ప్రమాదం. వెంటనే దవాఖానకు పంపాలి.

నాలుగు, రక్తపోటు. దాన్నే బీపీ అంటారు. 120, 80 ఉంటే మామూలు. గర్భిణికి 140, 90కి చేరితే జాగ్రత్త. తలనొప్పి, కళ్లు మసకబారడం, మొహం వాపు తోడైతే అస్సలు ఆలస్యం చేయొద్దు. ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది.

మందు ఇచ్చే ముందు ఐదు ప్రశ్నలు

ఎవరికి? ఏ మందు? ఎంత? ఏ దారిన? ఏ వేళకు? ఈ ఐదు ప్రశ్నలకు జవాబు తెలియకుండా నర్సు మందు ఇవ్వదు. ఒకే వార్డులో ఒకే పేరున్న ఇద్దరు ఉండవచ్చు. అందుకే ఇంటిపేరు, ఊరు కూడా అడుగుతుంది. సీసా మీద పేరు చదువుతుంది. గడువు తేదీ చదువుతుంది. గడువు దాటితే పక్కన పెడుతుంది. ఇచ్చిన తర్వాత రాస్తుంది. రాయకపోతే ఇంకొకరు వచ్చి అదే మందు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది.

సూది విషయం ఇంకా పెద్దది. ఒక మనిషికి వాడిన సూది ఇంకొకరికి వాడొద్దు. వాడితే ఎయిడ్స్ క్రిమి, కామెర్ల క్రిమి ఒకరి నుంచి ఒకరికి పాకుతాయి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. గుచ్చుకుంటుంది. చిల్లు పడని గట్టి డబ్బాలో వేయాలి. ప్రతి పనికి ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అన్ని జరాలకూ సూది అక్కర లేదు. సూది వేస్తేనే వైద్యం అని జనం అనుకుంటారు. మంచి నర్సు అడిగినవాళ్లందరికీ సూది వేయదు. డాక్టరు రాసినదే వేస్తుంది.

విరేచనాలు, రక్తహీనత

బిడ్డకు విరేచనాలు అయితే ఒంట్లో నీళ్లు, ఉప్పు పోతాయి. అప్పుడు ఓ.ఆర్.ఎస్. ఇవ్వాలి. పెద్ద పొట్లం మొత్తాన్ని ఒక లీటరు శుభ్రమైన నీళ్లలో కలపాలి. గిలాసెడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు కీడు. చెంబుతో ఉజ్జాయింపుగా పోయొద్దు. లీటరు కొలిచి పోయాలి. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. దీనితో పాటు జింకు గోలీ 14 రోజులు ఇస్తారు. తల్లిపాలు ఆపొద్దు. కళ్లు లోపలికి పోయినా, బిడ్డ మబ్బుగా పడి ఉన్నా, నీళ్లు తాగలేకపోయినా దవాఖానకు తీసుకుపోవాలి.

గర్భిణికి రక్తం 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనత. 7 కంటే తక్కువ ఉంటే చాలా ప్రమాదం. కాన్పులో కొంచెం రక్తం పోయినా ఆమె తట్టుకోలేదు. అందుకే 180 రోజులు ఇనుము గోలీలు ఇస్తారు. "గోలీ వేసుకుంటే దొడ్డికి నల్లగా వస్తోంది" అని కొందరు మానేస్తారు. నలుపు చూసి భయపడొద్దు. ఆ నలుపు గోలీ వల్లే. గోలీని చాయ్‌తో మింగొద్దు. చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం అయితే పట్టేలా చేస్తుంది. నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్‌కు పేరు పడ్డ ఊరు. నిమ్మతోటల్లో కాయలు తెంపే అక్కలు ఇంట్లో అన్నంలోకి ఒక చెక్క పిండుకుంటే చాలు.

ఈ నేలకు తగ్గ జ్ఞానం

నల్లగొండ జిల్లా నీళ్లలో ఫ్లోరైడు ఉందని దేశమంతా తెలుసు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఉంటే హాని. పళ్ల మీద పసుపు, గోధుమ రంగు గీతలు వస్తాయి. ఏళ్లు గడిస్తే కీళ్లు బిగుసుకుంటాయి. ఎముకలు వంకర పోతాయి. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. ఇక్కడి నర్సు ఆ మాట ప్రతి ఇంట్లో చెప్పాలి. పరీక్ష చేసిన నీళ్లే తాగమనాలి.

హైదరాబాద్, విజయవాడ పెద్ద రోడ్డు నకిరేకల్ మీదుగానే పోతుంది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఏం చేయాలి? రక్తం కారే చోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదమాలి. మెడ కదపొద్దు. 108కి ఫోన్ చేయాలి. చేలల్లో పాము కరిస్తే గాటు పెట్టొద్దు. నోటితో పీల్చొద్దు. తాడుతో బిగించొద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న దవాఖానకు చేర్చాలి.

పట్టా ఎందుకు?

ఇన్ని తెలిస్తే నర్సు అయినట్టేనా? కాదు. తెలిసింది పరీక్షలో చూపించాలి. దవాఖానలో పెద్ద నర్సుల కింద చేసి చూపించాలి. అప్పుడు రాష్ట్ర నర్సుల కౌన్సిల్ ఆమె పేరు రిజిస్టరులో రాస్తుంది. అదే పట్టా. 1947లో చేసిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం దేశమంతటా నర్సుల చదువుకు ఒకే తీరు తెచ్చింది. దాని స్థానంలోకి తేవడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఎవరు పడితే వాళ్లు ప్రాణంతో ఆడుకోకూడదని ఈ చట్టాలు.

ఏ.ఎన్.ఎం. చదువు రెండేళ్లు. ఇంటర్ పాసై ఉండాలి. వయసు 17 నిండి, 35 దాటకుండా ఉండాలి. బడి మధ్యలో మానేసిన వాళ్లకు దారి మూసుకుపోలేదు. ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతి పరీక్ష రాయొచ్చు. పై వయసుకు హద్దు లేదు. ఆ తర్వాత ఇంటర్ కూడా అందులోనే రాయొచ్చు. వయసు దాటిన అక్కలు ఊళ్లోనే సేవ చేయొచ్చు. ఆశా కార్యకర్తల పథకం 2005లో మొదలైంది. అందులోకి ఊరి కోడళ్లనే తీసుకున్నారు.

ఒక జాగ్రత్త. "మూడు నెలల్లో నర్సు సర్టిఫికెట్ ఇస్తాం, ఇంత కట్టండి" అనేవాళ్లు ఉంటారు. పుస్తెలు కుదువ పెట్టి ఫీజు కట్టకండి. ముందు రెండు మాటలు అడగండి. "ఈ బడికి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా? ఇక్కడ చదివితే నా బిడ్డ పేరు రిజిస్టరులో ఎక్కుతుందా?" కాగితం చూపించమనండి. నోటి మాట నమ్మకండి. కాగితం మీరే చదవండి. చదవడం నేర్చుకున్నది ఇందుకే.

అక్కలారా! ఈ రోజే ఒక పని చేయండి. గడియారం ముందు కూర్చోండి. పక్కన కూర్చున్న చెల్లె నాడి పట్టండి. ఒక నిమిషం లెక్కపెట్టండి. వచ్చిన అంకెను పలక మీద రాయండి. మీ ఇంటి పిల్లతో కూడా ఆ లెక్క పెట్టించండి. నర్సు చదువులో మొదటి పాఠం అదే.