కల్లు కాంపౌండు బెంచీ
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉప్పల్, నాచారం పాత ముచ్చట ఒకటి చెప్పమన్నారు కార్యదర్శి గారు. గుడి గురించో, బడి గురించో చెబుతాననుకున్నారేమో! నేను కల్లు కాంపౌండు గురించి చెబుతాను. నవ్వకండి, మనలో దాని గేటు తెలియనివారు తక్కువే.

నేను నాచారంలో ఉద్యోగంలో చేరిన కొత్తలో షిఫ్టు దిగగానే అక్కడికే నడక. కట్టె బెంచీలు, సీసాలు, పక్కన గుడాలు, బోటి కూర. ఫిట్టరు, హమాలీ, మేస్త్రీ అందరిదీ ఒకటే బెంచీ. గౌడన్నలు మోకు, ముత్తాదు కట్టుకొని, ప్రాణాలకు తెగించి చెట్టెక్కి దించిన కల్లు అది.

తర్వాత ఈత, తాటి వనాలు ప్లాట్లయినాయి. చెట్లు తగ్గినా సీసాలు తగ్గలేదు! ఆ లెక్క మాకు అప్పుడు తట్టలేదు. దూబగుంట మహిళల పోరాటం ఫలితంగా 1993 అక్టోబరు 1న సారా బందయింది. 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చినా కల్లుకు మినహాయింపు దొరికింది. బెంచీల మీద చోటు లేకుండా పోయింది.

2004లో ప్రభుత్వం నగరంలోని కల్లు దుకాణాలను మూయించింది. మూడో రోజు నా ఫిట్టరు మిత్రునికి చేతులు వణుకు, నిద్ర లేదు, పొంతన లేని మాటలు. ఆసుపత్రికి తీసుకెళ్లాను. "చెట్టు కల్లే తాగేవాడండీ" అన్నాను. "కల్లు కాదు, అందులో కలిపిన మత్తుమందు పని ఇది" అన్నారు డాక్టరు గారు. క్లోరల్ హైడ్రేటు, డైజిపాం పేర్లు ఆరోజే విన్నాను.

వరండాలో ఆయన భార్య ఒకే మాట అన్నది: "అన్నా, మొదట తోలుకపోయింది నువ్వే గదా!" జవాబు లేదు. నేటికీ లేదు.

మిత్రుడు కోలుకున్నాడు. 2014లో దుకాణాలు మళ్లీ తెరిచారు, ఆయన పోలేదు, నేనూ పోలేదు. చెట్టును నమ్ముకున్న గీత కార్మికులకు ఆ పదేళ్లూ బతుకు కష్టమైంది. కల్తీ చేసినవాడి పాపం వారికి అంటగట్టరాదు. కానీ 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. లెక్క మారలేదు.

నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎవరైనా తాగుడు హఠాత్తుగా మాని వణుకుతుంటే పరువని దాచకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏం తాగేవారో నిజం చెప్పండి. బెంచీ మీద పక్కన కూర్చున్నవాళ్లం, ఆసుపత్రికీ పక్కన నడవాలి కదా!

సెలవు.