దుంగలు తేలిన దారి: స్పే నది వ్యాజ్యం

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో, ఆ న్యాయవాది వృత్తి జీవితమంతా నీటి తగాదాల్లోనే గడిచింది. కాలువ గట్లు, చెరువు తూములు, లంక భూములు ఆయన కేసులు. అందుకని ఈ ఏటి ప్రసంగానికి ఒక నది వ్యాజ్యాన్నే ఎంచుకోవడం జరిగింది. ఆ నది స్కాట్లండ్‌లో ఉంది. పేరు స్పే.

సుమారు 170 కిలోమీటర్లు పారి ఉత్తరాన మోరే అఖాతంలో కలిసే స్పే చాలా ఉరవడి గల నది. సాల్మన్ చేపకు పెట్టింది పేరు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే చేప అది. గోదావరి పులసను ఎరిగినవారికి ఇంతకంటే విడమరచి చెప్పనక్కర్లేదు. స్కాట్లండ్ చట్టంలో ఒక విశేషం ఉంది. ఒడ్డున భూమి ఉన్నంత మాత్రాన సాల్మన్ పట్టే హక్కు రాదు. ఆ హక్కు మొదట రాజుది, తర్వాత రాజు రాసిచ్చినవారిది. దాన్ని భూమితో పని లేకుండా విడిగా అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు, వారసులకు ఇచ్చుకోవచ్చు.

చేప ఎగువకు వస్తుంది, పడవ దిగువకు పోతుంది. ఇద్దరికీ కావలసింది ఒకే పాయ. ఈ తగువు ఎంత పాతదంటే, 1215 నాటి మాగ్నా కార్టాలో 33వ నిబంధన దీని గురించే. థేమ్స్, మెడ్వే నదుల నుంచీ, సముద్రతీరం మినహా ఇంగ్లండ్ అంతటి నుంచీ చేపల కట్టలను తొలగించాలన్నది రాజు ఒప్పుకున్న షరతుల్లో ఒకటి. ఒప్పుకున్నా కట్టలు పోలేదు. మూడో ఎడ్వర్డ్ కాలంలో దీనిమీద మళ్లీ చట్టం చేయాల్సి వచ్చింది.

స్పే మీద ఉన్న కట్టను క్రూవ్ అనేవారు. నదికి అడ్డంగా కట్ట వేసి, మధ్యలో బోనులు అమరుస్తారు. ఎదురీదుతూ వచ్చిన చేప లోపలికి దూరుతుంది గానీ బయటికి రాలేదు. శనివారం సాయంత్రం నుంచి సోమవారం పొద్దుటి దాకా చేపకు దారి వదలాలని పాత చట్టాలు చెప్పాయి. చేపకు వారాంతపు దారి దొరికింది. దుంగకు అదీ లేదు.

ఈ కథలో దుంగలదే అసలు పాత్ర. నది ఎగువన అబర్నెథీ, రోతీమర్కస్, గ్లెన్‌మోర్ పైన్ అడవులున్నాయి. ఆ కలపకు బండి దారి లేదు, నదే దారి. 1728లో యార్క్ బిల్డింగ్స్ కంపెనీ అబర్నెథీలో 60,000 చెట్లను 7,000 పౌన్లకు కొన్నది. లండన్‌కు నీళ్లు సరఫరా చేయడానికి పుట్టిన కంపెనీ అది! అంతకు ముందు కొద్దిపాటి దుంగలనే తాడుతో కరాఖ్‌కు కట్టి దించేవారు. కరాఖ్ అంటే వెదురు బుట్టలాంటి చట్రం మీద ఎద్దు తోలు బిగించిన తేలిక పడవ. అందులో ఒక్క మనిషి కూర్చుని, ఒక్క తెడ్డుతో, ఆ ఉరవడిలో దుంగలను రాళ్లకు తగలకుండా మళ్లించాలి. దిగువకు చేరాక పడవను వీపున వేసుకుని నడిచి ఇంటికి పోవాలి. అలాంటి పడవ ఒకటి ఎల్గిన్ మ్యూజియంలో నేటికీ ఉంది. కంపెనీ వచ్చాక దుంగలను వరసగా కట్టి పెద్ద తెప్పలు చేశారు. తెప్పకు ఇద్దరు మనుషులు, చెరో కొసన తెడ్డు.

నదీముఖం దగ్గర ఈ తెప్పలు గోర్డన్ డ్యూక్ గారి క్రూవ్‌కు తగిలాయి. ఎగువ అడవుల యజమాని సర్ జేమ్స్ గ్రాంట్‌కూ డ్యూక్‌కూ మధ్య వ్యాజ్యం నడిచింది. 1781లో ఎడింబరో కోర్టు, 1782లో హౌస్ ఆఫ్ లార్డ్స్ విన్నాయి. నది మీద కలప తేల్చుకునే హక్కును గుర్తించడం, చేపల కట్ట ఆ దారిని మూసేయకూడదనడం ఆ తీర్పుల సారం. కొన్నేళ్లకు హల్ పట్టణం నుంచి వచ్చిన కలప వర్తకులు నదీముఖాన కింగ్‌స్టన్ అనే ఊరు కట్టి, గ్లెన్‌మోర్ కలపతో ఓడలు చేశారు. 1863లో ఆ లోయకు రైలు వచ్చింది. తెప్పల పని క్రమంగా అడుగంటింది. మనుషులు మరిచారు. కాగితాలు మాత్రం దస్త్రాల్లో మిగిలాయి.

ఆ కాగితాలకు దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత పని పడింది. ఇన్ష్ సరస్సు దగ్గరి కెయిర్న్‌గార్మ్ కనూయింగ్ అండ్ సెయిలింగ్ స్కూల్ తన విద్యార్థులను చిన్న పడవల్లో స్పే మీదుగా తీసుకుపోయేది. నాకాండో దగ్గర రెండు ఒడ్లా సాల్మన్ హక్కులున్న విల్స్ ట్రస్టీలు అభ్యంతరం చెప్పి కోర్టుకెక్కారు. వాళ్ల బాధ కల్లబొల్లి బాధ కాదు. నడుం లోతు నీళ్లలో గంటల తరబడి గాలం వేసి నిలబడ్డవాడి ముందు నుంచి పడవల వరస పోతే ఆ పూట పోయినట్టే, ఆ గాలానికి కట్టిన అద్దె కూడా తక్కువేమీ కాదు. వాదనా గట్టిదే: ఇది ఆటుపోట్లు తగలని నది, అడుగు నేల ప్రైవేటుది, దుంగలు తేల్చడం నౌకాయానం కాదు, అదీ దిగువకే తప్ప ఎగువకు సాగలేదు, పైగా ఆ వాడుక ఎప్పుడో ఆగిపోయింది.

1976లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఈ అభ్యంతరాలను తోసిపుచ్చింది. మనుషులు నడిపిన తెప్పలు నౌకాయానానికి సాక్ష్యమే. ఒక్క దిక్కుకే సాగినా హక్కు హక్కే. ప్రజలకు ఒకసారి ఏర్పడిన నౌకాయాన హక్కు వాడనంత మాత్రాన పోదు. సరుకుకే గాని సరదాకు లేదనడానికీ వీల్లేదు. అయితే ఈ హక్కు నీటి మీద ప్రయాణానికే. ఒడ్డున ఎక్కడపడితే అక్కడ దిగడానికి కాదు.

ఈ తీర్పులో మనసుకు పట్టే సంగతి ఒకటుంది. హక్కు పుట్టింది పట్టాతో కాదు, పనితో. కూలికి తెప్ప నడిపిన మనుషుల్లో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు. అడవి వాళ్లది కాదు, కలప వాళ్లది కాదు, ఊరు చేరాక చేతికొచ్చింది కూలి డబ్బులే. అయినా ఇరవయ్యో శతాబ్దపు కోర్టు నిలబెట్టిన హక్కుకు పునాది వాళ్ల తెడ్డు పనే. డ్యూక్ పేరూ గ్రాంట్ పేరూ కేసుకు మిగిలాయి, సాక్ష్యం మాత్రం వీళ్లది.

ఇంగ్లండ్‌లో కథ వేరుగా ముగిసింది. యార్క్‌షైర్ డెర్వెంట్ నది కేసులో, కాలిబాటల కోసం చేసిన 1932 చట్టం కింద ఇరవై ఏళ్ల వాడుకతో నది మీదా హక్కు వస్తుందని వాదించారు. 1991లో అదే హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. స్కాట్లండ్‌లోనేమో 2003 భూసంస్కరణల చట్టం బాధ్యతగా మెలిగేవారికి నదులనూ సరస్సులనూ దాదాపుగా తెరిచిపెట్టింది. గాలం వేసినవాళ్లకు దూరంగా పోవాలని పడవలవాళ్లకు చెప్పే నియమావళి దానికి తోడైంది.

మరి సాల్మన్? 2023 చివర్లో గ్రేట్ బ్రిటన్ అట్లాంటిక్ సాల్మన్‌ను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ఎర్ర జాబితాలో చేర్చారు. స్పేలో గాలానికి పడ్డ సాల్మన్లలో అత్యధికం ఇప్పుడు తిరిగి నీళ్లలోకే పోతున్నాయి. గాలం వేసేవాళ్లే వాటిని వదిలిపెడుతున్నారు.