బొగ్గు, ఎండ, నీరు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు సందేహించితిని. నేను పండితుడను గాను. గోదావరిఖని బావిలో ముప్పదియేండ్లు పంపు నడిపినవాడను. బొగ్గును గూర్చి ఈ సభలో ఎరుగనివారు లేరు. అయినను బొగ్గును తీయుటకు ఎంత విద్యుచ్ఛక్తి కావలయునో మనలో చాలమంది ఆలోచింపరు.

భూగర్భగనిలో నీరు ఊరుచునే యుండును. పండుగ వచ్చినను, సమ్మె జరిగినను పంపు ఆగరాదు. గాలిపంకా అసలే ఆగరాదు. ఆగినచో విషవాయువులు పేరుకొనును. కావున ఒక్క టన్నుయైనను పైకి రాని దినమున గూడ గని కరెంటు త్రాగుచునే యుండును. ఓపెన్‌కాస్టులో డంపర్లు త్రాగు డీజిలు సంగతి వేరు. ఆ కరెంటు చాలవరకు బొగ్గు కాల్చుటవలననే వచ్చెను. అనగా మనము తీసిన బొగ్గులో కొంత, బొగ్గును తీయుటకే వెచ్చించితిమి.

ఆ బొగ్గు కాలగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు కంబళివలె భూమిని కప్పి, వేడిని పోనీయదు. వేసవిలో మన ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటుట మీకు క్రొత్త గాదు. ఓపెన్‌కాస్టు గోతిలోని నల్లరాళ్లు ఆ వేడిని పీల్చి, సాయంకాలమైనను విడుచుచునే యుండును. ఇంకొకటి: గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు 7 శాతము ఎక్కువ నీటియావిరిని పట్టగలదు. అందువలన కురిసినప్పుడు కుంభవృష్టి కురియుట ఎక్కువగును. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71.3 అడుగులకు పెరిగెను. ఓపెన్‌కాస్టులలో నీరు నిలిచి పని కుంటుపడెను. 1986లో 75.6 అడుగులు వచ్చియుండెను గనుక, ప్రతి వరదను ఈ కారణమునకే ముడిపెట్టుట సాహసము. కాని ఆనాటి వరద ఆగస్టునందు, ఈనాటిది జూలై నడుమనే వచ్చెను. గనులకు ఇకమీదట మరింత పెద్ద కాలువలు, బలమైన పంపులు, కార్మికులకు ఎండవేళ విశ్రాంతి కావలసియున్నవి.

ఆ జూలై 1వ తేదీనుండియే రామగుండము ఎన్.టి.పి.సి. జలాశయముపై తేలు 100 మెగావాట్ల సౌరకేంద్రము పూర్తిగా పనిచేయ నారంభించెను. సుమారు 500 ఎకరాల మేర అది పరచుకొన్నది. పలకల నీడన నీరు తక్కువగా ఆవిరియగును. నీటి చల్లదనమున పలకలు ఎక్కువ కరెంటు నిచ్చును. ఒకరికొకరు చేసికొను మేలు! అయితే ప్రక్కనున్న బొగ్గుకేంద్రము 2600 మెగావాట్లది. పోలికను మరువరాదు. సింగరేణి సంస్థయు మణుగూరున 30, ఇల్లెందున 39, రామగుండం-3 ఏరియాలో 50 మెగావాట్ల సౌరకేంద్రములను నెలకొల్పినది.

ఎండ రాత్రి యుండదు గదా యని మీరడుగుదురు. ఇక్కడ నాకు మిక్కిలి నచ్చిన సంగతి యున్నది. మేడిపల్లి ఓపెన్‌కాస్టులో పంప్డ్ స్టోరేజి కేంద్రమును కట్టవలెనని సింగరేణి సంస్థ తలపెట్టినది. పగలు మిగిలిన సౌరవిద్యుత్తుతో గోతిలోని నీటిని పైజలాశయమునకు తోడుదురు. సాయంకాలము దీపములు వెలుగువేళ ఆ నీరే క్రిందికి దుమికి యంత్రములను త్రిప్పును. నూరు పాళ్లు వెచ్చించినచో ఇంచుమించు ఎనుబది పాళ్లు చేతికి వచ్చును, తక్కినది నష్టము. ముప్పదియేండ్లు నేను నీటిని పైకి తోడితినే గాని, అది మరల దిగివచ్చి ఋణము తీర్చుకొనునని ఎన్నడును తలపలేదు.

ఒక భయమును మాత్రము దాచలేను. బావిమీద వందలమంది బ్రతికిరి. సౌరపలకలకు కడుగువారు, కాపలావారు, కొలదిమంది యింజనీర్లు చాలుదురు. తండ్రి ఉద్యోగము తనకు వచ్చునను ఆశతో చదువు మానిన పిల్లలను నేనెరుగుదును. నా కుమారుడు వారిలో నొకడు. నేడు వాడు రాత్రిపూట ఈ పఠనమందిరముననే ఎలక్ట్రీషియను పరీక్షకు చదువుచున్నాడు. పదియేండ్లు ఆలస్యమైనది, అందు నా దోషమును గలదు.

కార్యదర్శిగారికి ఒక విన్నపము. ఈ గోడకు ఉష్ణమాపకమును, పెరటిలో వర్షమాపకమును, ప్రక్కన నొక రిజిష్టరును ఉంచుడు. ప్రతిదినము వ్రాయు పని నాది. ఉష్ణమాపకమును వెంట తెచ్చితిని. మేకు మాత్రము గ్రంథాలయమువారు ఇచ్చిన చాలును.